పాత కొక్కెం

విమానం ఇంకా గాలిలోనే ఉంది.

పోయిన వారం చిన్నమేస్త్రిని మనం స్టోర్స్ వెనక, ఇనుప జాలీ గదిలో, మోకాళ్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. నూట నలభై ఒక్క మందితో దిగాల్సిన జెట్ విమానం రన్‌వే దాకా వచ్చి మళ్లీ పైకి లేచిపోయింది. కుడి కాలు వచ్చింది, ముక్కు కింది కాలు వచ్చింది, ఎడమ కాలు మాత్రం కడుపులోంచి రానని మొరాయించింది. చక్రాలనీ, వాటిని మోసే లావుపాటి కమ్మీనీ కలిపి, విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో కాలు అనే అంటారు. పైకి ముడుచుకున్న కాలు జారిపోకుండా లోపల ఒక కొక్కెం పట్టుకుని ఉంటుంది. దిగే వేళకి అది వదలాలి. ఎడమ వైపుది వదల్లేదు.

ఆ కొక్కెం మొన్ననే తీసేసి కొత్తది వేశామని జాబ్ కార్డు చెబుతోంది. కొత్తది వేస్తే పాతది ఏదీ? విమానం నుంచి విప్పిన ప్రతి ముక్కకీ ఎర్ర చీటీ కట్టి ఈ జాలీ గదిలో పడేసి తాళం వెయ్యాలి. చిన్నమేస్త్రి రెండుసార్లు వెతికింది. అరిగిన బ్రేకులున్నాయి, చిట్లిన పైపులున్నాయి, ఎప్పుడో మార్చిన కాఫీ మెషిన్ కూడా ఉంది. కొక్కెం లేదు. ఇక్కడ లేదంటే అది ఉండాల్సిన చోటు ఇంకొక్కటే. రెండు వేల అడుగుల పైన, ఊరి చుట్టూ తిరుగుతోంది.

ఆమె లేచి మోకాళ్లు దులుపుకుంది. తాళంచెవి తిరిగి ఇస్తుంటే, స్టోర్స్ కౌంటర్లో కూర్చున్న అక్క అందుకుని సొరుగులో వేసుకుంది. ఏం వెతికావని అడగలేదు. దొరికిందా అనీ అడగలేదు. అక్క మాటల పొదుపరి. పెళ్లయినప్పటి నుంచీ అంతే.

చిన్నమేస్త్రికి ముప్పై రెండేళ్లు. మేస్త్రి అనే మాట హ్యాంగర్లది కాదు, లారీ షెడ్లది. దాన్ని ఇక్కడికి తెచ్చింది ఆమె తండ్రి. లారీల కింద పడుకుని మొదలుపెట్టి విమానాల కింద నిలబడేదాకా ఎదిగిన మనిషి. అందరికీ ఆయన పెద్దమేస్త్రి. ఆయన పోయాక, అంటే చచ్చిపోయి కాదు, మెడపట్టి గెంటేస్తే పోయాక, ఆ బిరుదు కాస్త కుదించి కూతురికి తగిలించారు. వెక్కిరింతగానే మొదలుపెట్టారు గాని, పనితనం చూశాక వెక్కిరింత రాలిపోయి పేరు మిగిలింది.

షిఫ్ట్ ఇన్‌చార్జి ఆమె బావ. అక్క మొగుడు. హ్యాంగర్ మూల అద్దాల గదిలో కూర్చుంటాడు. ఆమె లోపలికి వెళ్లేసరికి కార్డుల కట్ట ముందేసుకుని ఉన్నాడు.

"బావా, పాత కొక్కెం జాలీలో లేదు."

అతను తలెత్తలేదు. "సరిగ్గా చూడు."

"రెండుసార్లు చూశాను."

"మూడోసారి చూడు."

"మూడోసారి చూస్తే మొలకెత్తుతుందా?"

అప్పుడు తలెత్తాడు. అద్దాల బయట మెకానిక్‌లందరూ హ్యాంగర్ గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి ఆకాశంలోకి చూస్తున్నారు. "తలుపు వేసి రా" అన్నాడు.

ఆమె తలుపు వేసింది. కూర్చోలేదు.

"కొత్తది నాలుగు రోజులకి గాని రాదన్నారు. నాలుగు రోజులు విమానం నేల మీద పెడితే ఆ మేనేజర్ నా చర్మం ఒలిచి చెప్పులు కుట్టించుకుంటాడు. అందుకని విప్పాను. కడిగాను. గ్రీజు పెట్టాను. జాకీల మీద లేపి ఏడుసార్లు కాలు దించి చూశాను. ఏడుసార్లూ దిగింది."

"ఎనిమిదోసారి దిగలేదు."

"నాకేమన్నా కల వస్తుందా?"

"కొత్తది వేశామని ఎందుకు రాశావు మరి?"

"వచ్చాక ఎలాగూ వేస్తాను కదా అని రాశాను. రాత ముందు, పని వెనక. ఈ షెడ్డులో ఎవడు చెయ్యలేదో చెప్పు."

చిన్నమేస్త్రి బల్ల మీదికి వంగింది. గొంతు పెంచలేదు. "కెప్టెనమ్మ పైనుంచి అడుగుతోంది బావా. ఆ కాలికి ఏం చేశారు, ఏం మార్చారు అని రెండుసార్లు అడిగింది. కొక్కెం కొత్తదైతే, అడ్డం కాలు గూటిని మూసే తలుపు దగ్గరుందని ఆవిడ అనుకుంటుంది. అప్పుడు విమానాన్ని గట్టిగా కుదిపితే తలుపు ఊడి తోకకి తగులుతుంది. అందుకే కుదపడం లేదు. రెండు కాళ్ల మీదే దించేస్తానంటోంది. రెక్క నేలకి కొట్టుకుంటే ఏమవుతుందో నాకు నువ్వే నేర్పావు. అదే కొక్కెం పాతదని తెలిస్తే కుదుపుతుంది. కుదిపితే ఊడొచ్చే దారి ఉంది."

"ఉందని నీకెవరు చెప్పారు?"

"లేదని నువ్వు చెప్పు."

అతను జాబ్ కార్డు తీసి ఆమె వైపు తిప్పి, వేలితో అడుగున తట్టాడు.

"ఇక్కడ రెండు సంతకాలున్నాయి. పని చేసినవాళ్ల చోట ఉన్నది నాది. పని చూసినవాళ్ల చోట ఉన్నది ఎవరిది?"

ఆమెకి చూడాల్సిన అవసరం లేదు. మొన్న మధ్యాహ్నం తిండి వేళ చేతులు కడుక్కుంటుంటే బావ అట్టకి బిగించిన ఈ కార్డు పట్టుకొచ్చాడు. "వెళ్లి చూడాలా?" అంది. "నా మీద నమ్మకం లేకపోతే వెళ్లి చూడు" అన్నాడు నవ్వుతూ. తడి చేత్తోనే సంతకం గీకింది. ఆ తడికి మొదటి అక్షరం అలుక్కుపోయింది.

"నేను పోతే నువ్వూ పోతావు" అన్నాడు బావ. "నీ లైసెన్స్ పోతుంది. నా ఉద్యోగం పోతుంది, బహుశా జైలు. మీ అక్క ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఏం చేస్తుందో అదీ ఆలోచించుకో. ఆ కెప్టెన్ ఆషామాషీ మనిషి కాదు. రెండు కాళ్ల మీద దించినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. దించేస్తుంది. తర్వాత మనం చల్లగా ఆ కొక్కెం సంగతి చూసుకుంటాం."

"దించలేకపోతే?"

"దించలేకపోతే మనం చెప్పినా దించలేదు. పెద్దవాళ్లకి తెలుసు ఎప్పుడు నోరు విప్పాలో, ఎప్పుడు మూసుకోవాలో. మీ నాన్నయితే మూసుకునేవాడు."

చిన్నమేస్త్రికి ఒళ్లు మండింది. "ఆయన్ని మధ్యలోకి లాగకు. తాగి, మూత బోల్టులు బిగించకుండా వదిలేసి మనిషి ప్రాణం తీశాడు. ఆయనతో నన్ను పోల్చకు."

బావ ఆమెని వింతగా చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. సంతోషం లేని నవ్వు.

"నువ్వింకా అదే నమ్ముతున్నావా?"

పదకొండేళ్ల కిందట ఒక చిన్న విమానం బయల్దేరుతుంటే ఇంజిన్ మీది మూత ఊడి గాలికి ఎగిరి వచ్చి, సామాన్లు మోసే మనిషి ఒకణ్ణి కొట్టేసింది. అతను అక్కడే పోయాడు. ఆ రోజు డ్యూటీలో పెద్దమేస్త్రి తాగి ఉన్నాడని పరీక్షలో తేలింది. ఉద్యోగం పోయింది, పేరు పోయింది. అప్పటికి చిన్నమేస్త్రి శిక్షణ చివరి ఏడాదిలో ఉంది. తోటివాళ్లు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. ఇంటికెళ్లి తండ్రి మొహం మీదే "నీ కడుపున పుట్టినందుకు సిగ్గుగా ఉంది" అని చెప్పి, పెట్టె సర్దుకుని అక్క ఇంటికి వచ్చేసింది. అప్పటి నుంచీ ఆయన టైర్ల కొట్టు మీద ఒంటి గదిలో ఉంటూ, పాత ఫ్యాన్లు బాగుచేసుకుని బతుకుతున్నాడు. ఆమె నెలకోసారి అక్కతో పాటు వెళ్తుంది. గుమ్మం దాటదు.

"ఆ బోల్టులు బిగించకుండా వదిలింది నేను" అన్నాడు బావ. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. "మీ అక్కకి అప్పుడు ఏడో నెల. మీ నాన్న నన్ను పక్కకి పిలిచి, నువ్వు నోరెత్తకు అన్నాడు. పరీక్షకి వెళ్లేముందు వెనక గదిలోకి పోయి సారా సీసా ఎత్తి తాగాడు. అంతకుముందు దాని వాసన కూడా ఎరగడు. దగ్గుతూ, కక్కుకుంటూ తాగాడు. తాగుబోతు చేశాడంటే ఇంకెవరినీ వెతకరు కదా. నేను గుమ్మంలో నిలబడి చూశాను."

గది బయట ఎవరో "అదిగో, మళ్లీ వస్తోంది" అని అరిచారు. ఇంజిన్ల మోత హ్యాంగర్ రేకుల్ని దడదడలాడిస్తూ పైనుంచి దాటిపోయింది.

"నాకు పని నేర్పావు" అంది చిన్నమేస్త్రి. "పదకొండేళ్లు మీ ఇంట్లో కంచం పెట్టావు. ఆయన్ని నేను తిడుతుంటే పక్కనే కూర్చుని విన్నావు."

"ఆయన చెప్పొద్దన్నాడు."

"విన్నావు."

బల్ల మీద ఫోన్ మోగింది. బావ తీశాడు. అవతల ఎవరో తెలియడానికి అతని వెన్ను నిటారుగా అవడమే చాలు. "సార్... సార్... అవును సార్, కొత్తదే సార్. నేనే దగ్గరుండి వేయించాను సార్." ఆమె కళ్లలోకి చూస్తూనే చెప్పి ఫోన్ పెట్టేశాడు.

చిన్నమేస్త్రి తలుపు తీసింది. అతను ఒక్క అంగలో వచ్చి గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "పైకి వెళ్లావంటే మీ అక్క కాపురానికి నువ్వే నిప్పు పెట్టినట్టు. తర్వాత ఏడవకు."

"తప్పుకో."

ఆమె చేతిలో ఏమీ లేదు. అయినా అతను తప్పుకున్నాడు.

కంట్రోల్ రూమ్ రెండో అంతస్తులో. మెట్లెక్కి వచ్చేసరికి మేనేజర్ కిటికీ దగ్గర రెండు ఫోన్లలో ఒకేసారి మాట్లాడుతున్నాడు. రేడియో ముందున్న ఆపరేటర్ చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని కాగితం మీద అంకెలు రాస్తున్నాడు. ఆమె వెళ్లి అతని ముందు నుంచి మైకు లాక్కుంది.

"కెప్టెన్, హ్యాంగర్ నుంచి మాట్లాడుతున్నాను. ఎడమ కాలు కొక్కెం కొత్తది కాదు."

మేనేజర్ రెండు ఫోన్లూ చెవులకి పెట్టుకునే వెనక్కి తిరిగాడు. రేడియోలో గరగర. తర్వాత ఆడగొంతు, తొణకని గొంతు. "ఇప్పుడే కొత్తదన్నారు."

"కాదు. పాతదే. కడిగి, గ్రీజు పెట్టి మళ్లీ అదే వేశారు. చూడకుండా సంతకం పెట్టింది నేను. ఆ పని చేసింది మా..."

"ఎవరు చేశారో నాకిప్పుడు అక్కర్లేదు" అంది కెప్టెన్. "నా దగ్గర ముప్పై ఆరు నిమిషాల ఫ్యూయల్ ఉంది. పాతదైతే ఏం చెయ్యమంటారో చెప్పండి."

ఆమె ఆగింది. ఆగినప్పుడు లోపల ఏదో మూల, అక్క మొహం మెదిలి, హమ్మయ్య అనిపించిన మాట నిజం. అది ఆమె తర్వాత చాలాసార్లు తలుచుకుంటుంది.

ఏం చెయ్యాలో ఆమెకి సగమే తెలుసు. ఈ కొక్కెం తత్వం పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆమె సెల్‌ఫోన్ తీసింది. నంబరు పేరుతో దాచుకోలేదు. అయినా వేళ్లకి వచ్చు.

"నాన్నా."

అవతల ఫ్యాన్ రెక్క తిరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. "ఎవరు? చిన్నీ, నువ్వా?"

"ఎడమ కాలు దిగట్లేదు నాన్నా. కొక్కెం పట్టేసింది. పాత కొక్కెమే, కడిగి గ్రీజు పెట్టారు. జాకీల మీద ఏడుసార్లు బాగానే దిగిందట."

ఎందుకు, ఎవరు, ఎలా అని ఆయన అడగలేదు. "ఏ గ్రీజు?"

"హ్యాంగర్‌లో పెద్ద డబ్బాలోది."

"అది చక్రాలకి పెట్టేది. పై చలికి మైనంలా బిగుసుకుంటుంది. జాకీల మీద దిగదా మరి, నేల మీద చలేది? ఇప్పుడు ఎంత ఎత్తులో తిప్పుతున్నారు?"

"రెండు వేల అడుగులు. అరగంట నుంచి."

"మంచిదే. వెచ్చటి గాలి. ఈపాటికి కొంచెం మెత్తబడుతుంది. చేత్తో లాగే పిడి ఉంటుంది చూడు, అది లాగి వదిలెయ్యకూడదు. లాగి పట్టుకునే ఉండాలి, రెండో పైలట్‌ని పట్టుకోమను. అలా పట్టుకుని ఉండగా ముక్కు కిందికి వంచి, ఒక్కసారిగా పైకి లాగాలి. అప్పుడు కాలు బరువు రెండింతలవుతుంది. దాని బరువుకి అదే ఊడాలి. మూడు నాలుగుసార్లకి రావాలి."

"రాకపోతే?"

"ఇంకో నాలుగుసార్లు. ఏడుపుగొంతుతో చెప్పకు, ఆవిడకి వినబడుతుంది. గట్టిగా చెప్పు."

ఒక చెవిలో తండ్రి, ఒక చేతిలో మైకు. ఆయన చెప్పింది చెప్పినట్టే పైకి పంపింది. కెప్టెన్ రెండే ప్రశ్నలు అడిగింది, రెండింటికీ ఆయన దగ్గర జవాబుంది. మేనేజర్ నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, చివరికి ఒక ఫోన్ పెట్టేశాడు.

కిటికీలోంచి చూస్తే విమానం ఊరి అంచున ముక్కు వంచింది, లేచింది. ఒకటి. రెండు. లోపల ఉన్నవాళ్ల పేగులు నోట్లోకి వచ్చి ఉంటాయి. మూడు. నాలుగు. "లేదు" అంది రేడియోలో గొంతు. అయిదోసారి లేస్తుండగా దాని కడుపు కింద ఎడమ పక్క ఏదో నల్లగా జారింది.

"కాలు పడింది" అంది కెప్టెన్. తర్వాత, "పచ్చ దీపం రాలేదు. పడింది గాని బిగుసుకోలేదు."

"నాన్నా, పడింది, లాక్ అవ్వలేదు."

"అయితే నిలబడుతుందని నమ్మొద్దని చెప్పు. ఆ కాలు చివర్న ఆనించమను. వేగం తగ్గేదాకా నిలబడితే అదే పదివేలు."

ఆమె ఆ మాటే చెప్పింది. "తెలిసింది" అంది కెప్టెన్. తర్వాత, "మీకు ఫోన్‌లో చెబుతున్న పెద్దాయనకి నమస్కారం చెప్పండి" అంది. ఆ తర్వాత రేడియో ఆమెది కాదు, విమానాశ్రయం టవర్‌ది.

పన్నెండుంపావుకి విమానం దిగింది. ముందు కుడి కాలు నేలని తాకింది. కెప్టెన్ ఎడమ రెక్కని ఎత్తి పట్టుకునే, సగం రన్‌వే దాకా ఒంటికాలి మీద నడిపించింది. వేగం తగ్గుతున్న కొద్దీ రెక్క తనంతట తనే వాలింది. ఎడమ చక్రాలు ఆనాయి. నిలబడ్డాయి. కంట్రోల్ రూమ్‌లో ఎవరో ఊపిరి వదిలారు. అది వదిలినంతసేపే నిలబడ్డాయి. కాలు మోకాలి దగ్గర విరిగినట్టు ముడుచుకుపోయింది. ఎడమ ఇంజిన్ నేలకి రాసుకుని నిప్పులు చిమ్మింది. విమానం పక్కకి తిరిగిపోయి, రన్‌వే దాటి గడ్డిలోకి దూసుకెళ్లి, దుమ్ములో ఆగింది. అగ్నిమాపక బండ్లు నురగ చిమ్ముకుంటూ చుట్టూ మూగాయి. కుడి వైపు తలుపులు తెరుచుకున్నాయి. పసుపు రంగు జారుడుబల్లల మీద ఒకరి తర్వాత ఒకరు మనుషులు జారడం మొదలైంది.

ఆపరేటర్ వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, తప్పిపోయి, మళ్లీ మొదటికొచ్చాడు. కాసేపటికి కింది నుంచి కబురొచ్చింది. నూట నలభై ఒక్క మందీ, సిబ్బందీ బతికారు. ఒక ముసలామెకి భుజం ఎముక విరిగింది. ఒక ఎయిర్‌హోస్టెస్ మణికట్టు తొలిగింది. అంతే. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు, మేనేజర్‌తో సహా. చిన్నమేస్త్రి వైపు ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండడానికి కాస్త కష్టపడ్డారు కూడా.

ఆమె వరండాలోకి వచ్చింది. ఫోన్ ఇంకా కట్ కాలేదు.

"దిగింది నాన్నా. అందరూ బతికారు."

"విన్నాను."

"బావ చెప్పాడు. ఆ బోల్టుల సంగతి. సీసా సంగతి."

అవతల కొట్టులో ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు.

"వాణ్ణెవరు చెప్పమన్నారు?" అన్నాడు పెద్దమేస్త్రి. ఆ గొంతులో కోపం తప్ప ఇంకేమీ లేదు. "అది చెప్పుకోవడానికి వాడిది కాదు. నాది. పదకొండేళ్లు మోశాను. ఒక్క పూటలో కింద పడేశారు ఇద్దరూ కలిసి."

"నేను నిన్ను అన్న మాటలు..."

"అన్నావు. పడ్డాను. ఇప్పుడు క్షమించమని అడగకు, నాకు చేతకాదు. ఆ రోజు తాగుబోతు వేషం కట్టాను గాని, తర్వాత నిజంగానే తాగుబోతునయ్యాను. నువ్వు తిట్టింది ఉత్త అబద్ధమేం కాదు." ఊపిరి పీల్చుకున్నాడు. "ఒక్కటి చెయ్యి. పెద్దదానికి ఈ సంగతి తెలియకూడదు. నీ దగ్గరే ఆగాలి."

ఆమె ఊఁ అందో లేదో ఆమెకే తెలియదు. ఫోన్ పెట్టేశాడు.

మూడు గంటలకి విచారణ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, కళ్లద్దాలు తుడుచుకుంటూ మాట్లాడే అలవాటు. మీటింగ్ రూమ్‌లో ఆమెని ఎదురుగా కూర్చోబెట్టి ముందు రేడియో మాటల టేపు వినిపించాడు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. *పాతదే. చూడకుండా సంతకం పెట్టింది నేను.* అక్కడ ఆపాడు.

"పని ఎవరు చేశారో ఇందులో లేదు."

"చెప్పబోతుంటే కెప్టెన్ ఆపారు."

"మీరు ఆగారు" అన్నాడు అధికారి. తప్పుపడుతున్నట్టు కాదు. ఉన్నది చెబుతున్నట్టు. ఒక కాగితం ముందుకు లాక్కున్నాడు. "మీ షిఫ్ట్ ఇన్‌చార్జి గంట కిందట రాసిచ్చింది చదువుతాను, వినండి. 'కొక్కెం మార్చమని ఆమెకి అప్పగించాను. కొత్త భాగం రాలేదని ఆమె నాకు చెప్పలేదు. మార్చేశానంది. ఇంటి మనిషి కదా అని నమ్మి, పని చేసినవారి చోట నేను సంతకం పెట్టాను. చూసినవారి చోట ఆమె పెట్టింది. అది నా పొరపాటు. ఈ రోజు భయంతో ఆమె తన తప్పు రేడియోలో తానే ఒప్పుకుంది. ఆమె తండ్రి కూడా ఇలాంటి నిర్లక్ష్యం వల్లే ఉద్యోగం పోగొట్టుకున్నాడు.'"

చివరి వాక్యం విన్నాక చిన్నమేస్త్రి ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని బావ సంతకం చూసింది.

"ఇది నిజమేనా?" అన్నాడు అధికారి.

నిజం చెప్పాలంటే ఎంత చెప్పాలి? కొక్కెం దగ్గర మొదలుపెడితే బోల్టుల దగ్గరికి వెళ్లకుండా ఆగుతుందా? ఆగకపోతే అక్క చెవిన పడకుండా ఉంటుందా? పదకొండేళ్ల కిందట నాన్న కూడా ఇలాంటి కుర్చీలోనే కూర్చుని ఉంటాడు. ఆయనకి సీసా సాయం ఉంది. ఆమెకి అదీ లేదు.

"కాదు" అంది. "విప్పిందీ, కడిగిందీ, మళ్లీ బిగించిందీ మా బావే. ఇవాళ పొద్దున నాతో తనే ఒప్పుకున్నాడు."

"అప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?"

"లేరు. తలుపు వేసి ఉంది."

"కొక్కెం విప్పడం చూసినవాళ్లు?"

"నాకు తెలిసి లేరు."

అధికారి కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "చూడండమ్మా. మీ మాటకి మీ మాటే సాక్ష్యం. ఆయన మాటకి మీ గొంతే సాక్ష్యం. టేపులో ఉన్నది మీరు. నేను నమ్మినా నమ్మకపోయినా రాయాల్సింది..."

తలుపు తట్టకుండానే తెరుచుకుంది.

అక్క. స్టోర్స్ నీలం కోటు గుండీలన్నీ పెట్టుకుని ఉంది. మొహం కడుక్కుని వచ్చినట్టుంది, కణతల దగ్గర జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఏడ్చి కడుక్కుందో, ఊరికే కడుక్కుందో చెప్పడం కష్టం.

"పిలవలేదు కదమ్మా మిమ్మల్ని" అన్నాడు అధికారి.

"పిలుస్తారని కూర్చుంటే తెల్లారిపోతుంది" అంది అక్క. చెల్లెలి పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోలేదు. గోడవార ఉన్న ఇంకో కుర్చీ లాక్కొచ్చి, అధికారికి ఎదురుగా వేసుకుని కూర్చుంది. "మొన్న పొద్దున ఆ కొక్కెం నా కౌంటర్ మీదికి వచ్చింది. కడగడానికి కిరోసిన్ నేనే ఇచ్చాను. ఎవరి చేతుల్లో చూశానో చెబుతాను. నేను స్టోర్స్ గుమాస్తాని, ఆయన భార్యని, ఈమెకి అక్కని. ఏది ముందు రాసుకుంటారో రాసుకోండి."

అధికారి పెన్ను మూత తీశాడు.

చిన్నమేస్త్రి అక్క మొహంలోకి చూసింది. అక్క చూడలేదు. తెరిచి ఉన్న తలుపు అవతల, వరండా గోడకి చేరగిలబడి బావ నిలబడి ఉన్నాడు. అంతా వింటూనే ఉన్నాడు. అతని మొహంలో భయం ఆనవాలైనా లేదు.

అక్క ఎవరి పేరు చెప్పబోతోందో అతనికి ముందే తెలిసినట్టుంది. అది చూసి చిన్నమేస్త్రికి భయం వేసింది.